బీడీల పందిరి దాకా అందిన వైఫై

పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా జనం నన్ను అడిగేది ఒకటే. "సార్, మంచి రౌటర్ ఏది?" ఫోన్ల ఆఫీసులో తల నెరిసేదాకా పనిచేసి రిటైరైన మనిషికి మిగిలే గౌరవం అదే. డాక్టరు కనబడితే నడుము నొప్పి చెప్పుకుంటారు, నేను కనబడితే వైఫై రావట్లేదని చెప్పుకుంటారు. దినవారం భోజనాల్లో, విస్తరి ముందు కూర్చుని, ఫోనులో నాలుగు కొమ్ముల డబ్బా బొమ్మ చూపించి "గిది తీసుకోమంటరా?" అని అడిగినవాళ్లు ఉన్నారు.

మావైపు యాంటెన్నాలను కొమ్ములంటారు. ఎన్ని కొమ్ములుంటే అంత గొప్ప డబ్బా అని నమ్మకం. నాకు ఒళ్లు మండుతుంది. కొమ్ములు చూసి కొనడానికి అదేమన్నా అంగట్లో ఎద్దా అని కసురుతాను. కసిరాక నా ప్రశ్న నేను అడుగుతాను. మీ ఇంట్లో ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎవరితో మాట్లాడతారు? అది చెప్పండి, డబ్బా సంగతి తర్వాత చూద్దాం. చాలామంది నన్ను వెర్రివాడిలా చూస్తారు. ముసలాయనకు చాదస్తం పట్టిందనుకుంటారు కాబోలు.

ఆ ప్రశ్న నాకు నేర్పింది ధర్మపురి అవతల, గుట్ట కింద ఉన్న ఒక ఊరు. కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఆ సంగతి రాస్తున్నాను. ఇందులో సంతోషపడేది ఏమీ లేదు. ముందే చెబుతున్నాను.

ఉద్యోగం చివర్లో నన్ను గోదావరి ఒడ్డు పల్లెలకు ఫైబర్ ఇచ్చే ఆఫీసులో వేశారు. ఆఫీసంటే ఒక గది, ఒక కంప్యూటరు, మూలన ఎవరికీ అక్కర్లేని పాత రాగి తీగల చుట్టలు. ఊళ్లలో తీగ లాగేది మేం కాదు. ఊరికొక ప్రైవేటు మనిషి ఉండేవాడు. గుట్ట కింది ఊళ్లో తీగల పని చేసేవాడు అంతకుముందు కేబుల్ టీవీ నడిపినవాడు. ఎప్పుడూ నవ్వుతుండేవాడు, పని మాత్రం శుభ్రంగా చేసేవాడు. ఊడదీసిన ఫైబర్ కొసను ఖాళీగా వదిలితే దుమ్ము పడుతుంది. అందుకని చిన్న ప్లాస్టిక్ మూత పెట్టాలి. మిగతావాళ్లు ఆ మూతలు ఎక్కడో పారేసేవారు. ఇతను ఒక్క మూత కూడా పోగొట్టేవాడు కాదు. వాళ్లకు ఇతన్ని చూపించి తిట్టేవాణ్ణి.

ఆ ఊళ్లో ఒకింటికి కొత్త కనెక్షను పెట్టడానికి ఇతనితో పాటు నేనూ వెళ్లాను. ఇంటి యజమాని దుబాయిలో ఉన్నాడు. మావైపు ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. ఇక్కడ భార్య, ఇద్దరు పిల్లలు, తండ్రి. సెల్ సిగ్నలు గుట్ట అడ్డం వచ్చి, ఊళ్లో ఎక్కడా అందదు. పక్కింటి వైఫై మీద ఆయన వీడియోలోకి వచ్చాడు. నెత్తిన పసుపు టోపీ, వెనక ఇసుక.

"సారూ, నాలుగు కొమ్ములది పెట్టురి. పైసలు నేను పంపుత. గట్టిది ఉండాలె."

"కొమ్ములతోటి ఏం గాదయ్యా. మీది మట్టిగోడల ఇల్లు. ఎన్ని కొమ్ములున్నా గోడ ముందర ఆగుతయ్. డబ్బా ఏడ పెడుతున్నమన్నదే లెక్క," అన్నాను.

పెద్దాయన, అంటే ఆ అబ్బాయి తండ్రి, డబ్బాను దేవునర్రలో, అంటే పూజగదిలో, పెట్టమన్నాడు. దానికి తాళం ఉంది. పిల్లలు ముట్టరు, పిల్లులు ముట్టవు. విలువైనదేదైనా ఆ ఇంట్లో అక్కడే ఉంటుంది. ఆ అర్ర ఇంటి నడుమ ఉంది. దాని చుట్టూ మూరెడు మందం గోడలు. అక్కడ పెడితే దేవుడు తప్ప ఎవరూ మాట్లాడలేరని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది.

కోడలు మా మాటలు వింటూనే ఉంది. పెరట్లో రేకుల పందిరి కింద బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు కట్టలు. కత్తెర ఆపకుండానే అంది.

"ఏ డబ్బన్న పెట్టురి సారూ. గీ పందిరి కాడికి రావాలె. గంతే."

ఆమె పొద్దంతా కూర్చునేది అక్కడ. దుబాయిలో ఆయనకు అన్నం వేళ అయినప్పుడు ఇక్కడ మధ్యాహ్నం దాటుతుంది. రోజూ ఆ వేళకు ఫోను చేస్తాడు. ఫోనును చాట అంచుకు ఆనించి పెట్టుకుని ఆమె తన పని తాను చేసుకుంటుంది. రోజూ ఏం మాట్లాడుకుంటారమ్మా అని అడిగాను, ఊరికే.

"ఏం మాట్లాడుతం సారూ. ఆయన తింటుంటడు, నేను చుడుతుంట. కత్తెర సప్పుడు ఇనవడాల్నంటడు. నేను ఆపితే, ఏమే పోయినవా అంటడు."

పెరటి వైపు కిటికీ గూట్లో డబ్బా పెట్టించాను. ఫైబర్ వచ్చి చేరేదీ, వైఫై పంచేదీ ఒకటే డబ్బా. రెండే కొమ్ములు. పందిరి కింద కూర్చుని చూస్తే నిండుగా వచ్చింది. పెద్దాయన దాని మీద ఒక పాత జేబురుమాలు కప్పాడు. వేడెక్కుతుంది, తీసేయమన్నాను. తీసేశాడు. నేను వెళ్లాక మళ్లీ కప్పి ఉంటాడు.

అటు తర్వాత ఏడాదికి పైగా ఆ ఇంటి నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. మా పనిలో బాగున్న ఇల్లు గుర్తుండదు. నేనూ మరిచిపోయాను.

ఒక రోజు పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. బస్సు దిగి నేరుగా వచ్చింది.

"ఊరంత నెట్ పోయింది సారూ. ఎప్పుడొస్తది?"

ఊరంతా పోతే నాకు తెలియాలి. కంప్యూటరులో చూశాను. ఆ ఊళ్లో ప్రతి ఇంటి గుర్తూ పచ్చగా ఉంది. ఒక్క ఆమె ఇల్లే ఎర్రగా ఉంది. కొన్ని రోజులుగా అట్లాగే ఉంది.

"ఊరంతనా? ఎవరన్నరు?"

"అందరిని అడిగిన. మా తోడికోడలు ఇంట్ల లేదంట. పక్కింట్ల లేదంట. బీడీలకాడికి వచ్చేటోళ్లు గూడ లేదనే అన్నరు. తీగలాయనకు చెప్తే రేపు మాపు అంటుండు. గాడ ఆయన ఫికర్ జేస్తుంటడు సారూ, ఫోను కలుస్తలేదని."

ఫోను తెచ్చావా, ఇక్కడి వైఫై మీద మాట్లాడిస్తానన్నాను. తేలేదంది. ఇంట్లోనే పెట్టి వచ్చిందట. ఈలోపు నెట్ వచ్చి ఆయన ఫోను చేస్తే పిల్లలు ఎత్తాలి కదా. భర్త నంబరు నోటికి రాదు, ఫోనులోనే ఉంది.

ఒక ఊరు ఊరంతా ఒక మనిషితో ఒకే అబద్ధం చెబుతోందంటే దాని అర్థం మావైపు వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. గల్ఫ్‌లో మనిషి పోతే భార్యకు వెంటనే చెప్పరు. శవపెట్టె విమానం దిగి, ఊరి పొలిమేర దగ్గరికి వచ్చేదాకా చెప్పరు. టీవీ కట్టేస్తారు, ఫోను చెడిపోయిందంటారు. పెట్టె రావడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఆమె నవ్వుతూ నీళ్లు మోస్తుంటుంది, చూసినవాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఈ ఆచారం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దాని కోసం ఫైబర్ ఊడదీస్తారని మాత్రం ఆ రోజే తెలిసింది.

ఆమె ముందు ఆ సంగతి ఎత్తలేదు. నువ్వు బస్సులో రా, నేను వెళ్లి చూస్తానని చెప్పి బండి తీశాను.

స్తంభం మీద పంపిణీ డబ్బా తెరిచాను. ఎలుక కొరికితే కొరికినట్టుంటుంది, లారీ తగిలితే తెగినట్టుంటుంది. ఇక్కడ ఆమె ఇంటి కొస ఒక్కటే ఊడి, పక్కన మడిచి పెట్టి ఉంది. దానికి మూత పెట్టి ఉంది. ఆ మూత చూడగానే నాకు ఎవరి పనో తెలిసిపోయింది.

అతనికి కబురు చేస్తే వచ్చాడు. ఆ రోజు నవ్వలేదు.

"ఎప్పుడు పోయిండు?" అని అడిగాను.

అతను అటూ ఇటూ చూశాడు. "పోలే సారు."

"ఏంది?"

"ఇంక పోలే. పని జాగల పడిపోయిండంట. మెదడుల రక్తం గడ్డకట్టిందంటున్నరు. మిషిన్ మీద ఉన్నడు. ఉండడని చెప్పేసిండ్రట డాక్టర్లు. పెద్దమనుషులు కూసొని మాట్లాడిండ్రు. ఎట్లయిన పోయేటోడే గదా, ఇప్పటి నుంచే బందు వెట్టు అన్నరు. పెట్టిన."

"ఆయన పక్కన ఎవరున్నరు?"

"ఆయన రూముల ఉండే పోరడు ఉన్నడు. మన మంథని దిక్కోడే. రోజు దవఖానకు పోతుండు. వదినెతోటి ఒక్కపారి మాట్లాడియ్యురి, చెవుకాడ ఫోను పెడుత, నర్సు ఒప్పుకున్నదని మొత్తుకుంటుండు. ఆయన ఫోను వస్తే మేమే ఎత్తుతలేం."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. బతికున్న మనిషిని ఇక్కడ అప్పుడే పాతిపెట్టేశారు. ఆ చెవి దాకా భార్య గొంతు పోవడానికి దారి ఉంది, ఆ దారికి మూత పెట్టి కూర్చున్నారు. తిట్టాను. నిలబడి తిట్లు తిన్నాడు.

అంతలో పెద్దాయన వచ్చాడు. భుజం మీద తువ్వాల. నన్ను చూడగానే ఆయనకూ అర్థమైంది.

"సారూ, నువ్వు లొల్లి చెయ్యకు," అన్నాడు. "పక్కూర్ల ఏమయిందో నీకెరికే గదా."

ఎరుకే. ఆ పక్కూరిలో ఒక ఇల్లాలు మొగుడి చావు మాటను ఫోనులో, ఒంటరిగా, పొలం దగ్గర విన్నది. వ్యవసాయ బావి పక్కనే ఉంది. ఆ ఇంటికీ ఫైబర్ ఇచ్చింది మేమే. చివరికి ఆ రౌటర్ వెనక్కి తెచ్చింది కూడా నేనే.

"ఇద్దరు చిన్న పిల్లలు," అన్నాడు పెద్దాయన. "రేపు గిది గూడ బాయిల పడితే ఎవలు జవాబు చెప్తరు? నువ్వు చెప్తవా?"

"చెప్పలేను పెద్దయ్యా," అన్నాను. నిజంగానే చెప్పలేను. నా కోపం సగం అక్కడే దిగిపోయింది. ఆయన దుర్మార్గుడైతే నా పని తేలికయ్యేది. "గని పోయినంక దాసిపెట్టుడు వేరు. పానముండంగ దాస్తున్నరు. రేపు ఎన్నడన్న తెలుస్తది ఆమెకు, మాట్లాడే సందుండె, మీరే బందువెట్టిండ్రని. గప్పుడు ఆమెకు ఎవలు జవాబు చెప్తరు?"

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.

రోడ్డు మీద బస్సు ఆగింది. ఆమె దిగి, మా ముగ్గురినీ స్తంభం దగ్గర చూసి, తొందరగా నడిచి వచ్చింది.

"దొరికిందా సారూ, ఏడ తెగిందో?"

తీగల మనిషి నేల చూశాడు. మామ అటు తిరిగాడు. ఇక నేనే మిగిలాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు చెప్పడం వచ్చిన మాటలు మూడే. లైను చెడిపోయింది, పైనుంచి వస్తలేదు, రేపు చూస్తాం. ఆ మూడింటిలో ఏది చెప్పినా ఆమె నమ్మేది, ఇంటికి వెళ్లి తునికాకు తడుపుకునేది.

తోడికోడలిని పిలిపించమన్నాను. ఆవిడ వచ్చి పక్కన నిలబడ్డాక చెప్పాను.

"బిడ్డా, తెగలే. ఊడదీసిండ్రు. నీ పెనిమిటికి పానం బాగలేదు. దవఖానల ఉన్నడు. కష్టమే అంటున్నరు. రూమాయన చెవుకాడ ఫోను పెడుత అంటుండు. మాట్లాడుతవా?"

ఆమె తోడికోడలి ముఖం చూసింది. మామ వీపు చూసింది. ఏడవలేదు. పడిపోతుందేమోనని తోడికోడలు భుజం పట్టుకుంటే, ఆ చెయ్యి తీసేసింది.

"నెట్ పెట్టురి," అంది.

తీగల మనిషి అప్పటికే నిచ్చెన ఎక్కాడు. మూత తీసి కొస గుచ్చాడు. కిటికీ గూట్లో ఎర్ర లైటు కాసేపు కొట్టుకుని పచ్చగా నిలిచింది. ఆమె ఫోను ఆగకుండా మోగడం మొదలైంది. అన్ని రోజుల నుంచి అందక ఆగిపోయిన కబుర్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

ఆమె భర్త నంబరు కలిపితే రూము అబ్బాయి వెంటనే ఎత్తాడు. "వదినే," అని ఇంకేమీ అనలేకపోయాడు. ఫోను తిప్పాడు. నేను అటు చూడలేదు. పైపులు, ఒక తెల్ల దుప్పటి అంచు కంటపడ్డాయి, అంతే. ఆ మాత్రం కూడా చూడకపోతే బాగుండేదనిపించింది.

ఆమె పందిరి కింద తన చోట కూర్చుంది. ఫోనును చాట అంచుకు ఆనించింది. కాసేపు ఊరికే చూసింది. పేరు పెట్టి పిలుస్తుందనో, గుండెలు బాదుకుంటుందనో అందరం కాచుకుని ఉన్నాం. ఆమె ఒక తునికాకు తీసి, కత్తెర పట్టి, కోయడం మొదలుపెట్టింది.

"ఇనవడుతుందా," అంది. "కత్తెర సప్పుడు ఇనవడుతుందా. నేనీడనే ఉన్న. ఏడికి పోలే. నెట్ పోయింది, గందుకే ఎత్తలే. పిల్లలు బడికి పోతున్నరు. చిన్నది పన్ను ఊడగొట్టుకున్నది. నీకు చూపియ్యాల్నని దాసిపెట్టింది."

ఒక ఆకు అయిపోతే ఇంకొకటి. కోసిన ముక్కలన్నీ వంకర టింకర. చుట్టలేదు, కోస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి తలెత్తి, "మామా, దా. ఒక్క మాట మాట్లాడు," అని పిలిచింది. పెద్దాయన స్తంభం దగ్గర రాయి మీద ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాడు. కదల్లేదు. రెండోసారి పిలిచింది. తువ్వాలను నెత్తి మీద కప్పుకున్నాడు.

నర్సు ఇక చాలని చెప్పినట్టుంది. ఫోను ఆగిపోయింది.

తీగల మనిషి తర్వాత రూము అబ్బాయిని అడిగాడట, ఏమన్నా కదిలాడా అని. ఏమీ కదల్లేదట. మరునాడే ప్రాణం పోయింది.

పెట్టె రావడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్లూ తోడికోడలు ఆమెను ఒంటరిగా వదల్లేదు. రాత్రుళ్లు పక్కన పడుకుంది, బహిర్దేశానికి వెళ్లినా వెంట వెళ్లింది. ఆమె ఇవాళ బతికి ఉందంటే ఆ తోడికోడలి వల్ల, నా వల్ల కాదు. ఊరి పెద్దమనుషులు నా మీద పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. మా పై అధికారి పిలిచి, నీ పని లైను నడపడం, ఇళ్లలో వేలు పెట్టడం కాదన్నాడు. లైను నడపడమే చేశానండీ అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు, నాకూ రాలేదు.

నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తెలియదు. ఒకసారి ఆమె కనబడితే అడగబోయి ఆగాను. ఆమే అంది, "ఇనవడ్డదో లేదో సారూ." ఆ మాట ఇప్పటికీ నా నిద్రకు అడ్డం వస్తుంటుంది. అప్పుడు లైను పెట్టకపోతే ఆమె ఏ మాట అనేదో కూడా ఊహించుకుంటాను. రెండిట్లో ఏది తక్కువ బాధో తూచడం నాకు చేతకాలేదు.

దినాలు అయిపోయాక పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. చేతిలో తువ్వాల మూట. టేబుల్ మీద పెట్టి విప్పాడు. లోపల వాళ్లింటి రౌటర్. కనెక్షను తీసేయమంటాడనుకున్నాను.

"బందు చెయ్యాల్నా పెద్దయ్యా?"

"కాదు సారూ." కుర్చీ చూపించినా కూర్చోలేదు. "గీ డబ్బల నుంచే గదా వాడు ఇంట్లకు వచ్చింది. గా దినం కోడలు పిలిచింది, నేను పోలే. చూడలే నేను. గిప్పుడు జర ఇప్పి సూడు సారూ. ఏమన్న మిగిలి ఉంటదేమో."

ఆఫీసులో ఇంకెవరూ లేరు. నేను ఆ డబ్బాను చేతిలోకి తీసుకున్నాను. ఊరికే అటూ ఇటూ తిప్పాను. ఏదో ఒకటి చెప్పి పంపాలనిపించింది. ఆయనతో మాత్రం అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మిగలదు పెద్దయ్యా. దీంట్ల ఏదీ నిలువదు. వచ్చింది వచ్చినట్టు పోతది."

"ఏం మిగలదా."

"మిగలదు."

డబ్బాను నా చేతిలోంచి తీసుకున్నాడు. తర్వాత తువ్వాలలో మళ్లీ చుట్టాడు. ఈ డబ్బాకు గుచ్చే తీగ కొస ఇంటి దగ్గర ఎట్లా వదిలావని అడిగాను. దుమ్ము పడితే మళ్లీ పనిచేయదు.

"మూత పెట్టిన సారూ. బందు వెట్టిన దినం స్తంభం మీద తీగలాయన పెట్టంగ చూసిన. బందు పెట్టుమన్నది నేనే, కింద నిలవడి చూసిన. తీగ తియ్యుడే చూసిన. మళ్ల గుచ్చుడు చూడలే. నేనే పెడుత. కోడలు పందిరి కింద కూసుంటది, దానికి అందాలె. ఎట్ల గుచ్చాల్నో చెప్పు."

టేబుల్ సొరుగులోంచి ఒక ఫైబర్ ముక్క తీసి చూపించాను. కొసను వేలితో ముట్టొద్దు, నేరుగా పెట్టి నెట్టాలి, టక్కుమనాలి. ఆయన మొదట దాన్ని సరిగ్గా పట్టుకోలేకపోయాడు. మూట మళ్లీ విప్పి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని, ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. తీశాడు, పెట్టాడు. మళ్లీ తీశాడు, పెట్టాడు. టక్కుమన్న ప్రతిసారీ నా ముఖం చూసి, "అయిందా సారూ?" అని అడిగాడు.